సీజను లేని నెలల పింఛను

నా పరిశోధన పేరు కాగితం మీద చాలా మర్యాదగా ఉంటుంది. అనకాపల్లి చుట్టుపక్కల కార్మిక కుటుంబాలకి ఉద్యోగుల పింఛన్ల గురించి, జీవిత బీమా గురించి ఎంతవరకు తెలుసు, తెలిసినదాన్ని ఎలా వాడుకుంటున్నారు అన్నది విషయం. మా అత్తగారి నోట్లో పడ్డాక ఆ మర్యాద మిగల్లేదు. "మా కోడలు సచ్చిపోయినోళ్ల డబ్బుల మీద పెద్ద సదువు సదువుతంది" అని ఆవిడ వీధంతా చెప్పింది. పాలవాడు కూడా నా వైపు జాలిగా చూడడం మొదలుపెట్టాడు.

నేనొక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్సు చెబుతాను. డాక్టరేటు ఉంటే తప్ప పై మెట్టు ఎక్కనివ్వరు కాబట్టి, పిల్లలు హైస్కూలుకి వచ్చాక నేను మళ్లీ విద్యార్థినయ్యాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, మా క్లాసులో ఇంకా బాగా తెలుసు. ఇలాంటి మనిషి ఊరూరా తిరిగి, ముక్కూమొహం తెలియని వాళ్ల గుమ్మాల్లో కూర్చుని, నవ్వుతూ ప్రశ్నలడగాలంటే కష్టమే. నాకా సంగతి ముందే తెలుసు కాబట్టి తోడు కోసం వెతికాను. మా బావ దొరికాడు.

బావంటే మా అక్క మొగుడు. బీమా ఏజెంటు. ఉప్మాక నుంచి మాకవరపాలెం దాకా అతను మంచినీళ్లు తాగని గుమ్మం లేదు. "నీకు మనుసులు కావాల, నాకు మనుసులు తెలుసు. ఇంకేటి, బండెక్కు" అన్నాడు. దారిలో నాకు పాలసీ అమ్మకూడదన్న షరతు మీద మా అక్క కూడా సరేనంది. అతను ఆ షరతుని తాళ్ళపాలెం దాటే వరకు నిలబెట్టుకున్నాడు.

మొదటి ఊళ్లోనే మా పథకం బోల్తాపడింది. బావ బండి చప్పుడు వినపడగానే వీధి వీధంతా ఖాళీ అయిపోయింది. అరుగు మీద పేకాడుతున్న నలుగురు ముక్కలు అక్కడే వదిలేసి పెరటి దారిన పడ్డారు. ఒకాయన పారిపోయే వ్యవధి లేక, మిట్టమధ్యాహ్నం దుప్పటి ముసుగుపెట్టి జ్వరం తెచ్చుకున్నాడు. ప్రీమియం కట్టమని అడగడానికి వచ్చాడనుకున్నారట.

వీళ్లందరూ నీ స్నేహితులన్నావు కదా అని నేను నిలదీశాను. స్నేహితులు కాబట్టే దాక్కున్నారు, పరాయివాళ్లయితే లేదు పొమ్మందురు కదా అన్నాడు బావ, ఏ మాత్రం తడుముకోకుండా. ఆ తర్వాత నుంచి బండి ఊరి మొదట్లో ఆగేది. నేను నడిచి వెళ్లేదాన్ని. కాస్త మాటలు కలిశాక బావ వెనకనుంచి తాపీగా వచ్చేవాడు.

రెండో దెబ్బ నా ప్రశ్నల వల్లే తగిలింది. "మీ మరణానంతరం మీ కుటుంబానికి ఆధారం ఏమిటి?" అన్నది నా ప్రశ్నల్లో ముఖ్యమైనది. ఎస్. రాయవరం వైపు ఒక ఇంట్లో, పొద్దున్నే చోడంబలి తాగుతున్న ఒకాయన్ని నేను ఈ ప్రశ్న చాలా శ్రద్ధగా అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు. లోపలినుంచి వాళ్లమ్మ వచ్చింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. లోపలికి వెళ్లి గుప్పెడు ఉప్పు, మిరపకాయలు తెచ్చి, నా ఎదురుగానే కొడుక్కి దిష్టి తీసి పొయ్యిలో పడేసింది. ఆ ఘాటుకి అందరికన్నా ముందు దగ్గింది నేనే.

ఆ రోజు వెనక్కి వస్తూ బావ నాకు పాఠం చెప్పాడు. ఈ వ్యాపారంలో చావు అన్న మాట నోట్లోంచి రాకూడదట. "ఏదైనా అయితే" అనాలట. ఆ ఏదైనా ఏమిటో అందరికీ తెలుసు, కానీ దాన్ని ఇంట్లోకి పిలవకూడదు. నేను నా ప్రశ్నని అలాగే మార్చుకున్నాను. ఆ తర్వాత ఎవరూ దిష్టి తియ్యలేదు. పైగా కాఫీలు కూడా ఇచ్చారు.

ఇంకో ప్రశ్న మాత్రం ఎంత మార్చినా దారికి రాలేదు. పాలసీ ఎందుకు తీసుకున్నారు అని అడిగి, కింద నాలుగు జవాబులు ఇచ్చాను. కుటుంబ రక్షణ, పొదుపు, పన్ను తగ్గింపు, లాభం. జనం ఆ నాలుగింటినీ సంతలో పుచ్చు వంకాయల్ని చూసినట్టు చూసి పక్కన పెట్టేవారు. ఒకాయన, మా తోడల్లుడు ఏజెంటండీ అన్నాడు. ఇంకొకాయన, ఆడపడుచు మొగుడు వచ్చి మార్చి నెలాఖరు అని కూర్చున్నాడు, కాఫీ ఇస్తే ముట్టుకోలేదు, ఇంక సంతకం పెట్టక ఏం చేస్తాం అన్నాడు. ఒకావిడైతే తన పాలసీ దేని గురించో ఇప్పటికీ తెలియదంది. పెళ్లిలో పెద్దరికానికి వచ్చిన మేనమామ తాంబూలంతో పాటు ఆ కాగితాల మీద కూడా సంతకం పెట్టించుకున్నాడట. అందరూ బావలకీ మామలకీ కాదనలేకే బీమా చేయించుకున్నారు. భయంతో చేయించుకున్నవాళ్లు నాకు దాదాపు తగల్లేదు.

నేను అయిదో జవాబు చేర్చాను. మొహమాటం. టపటపా గీతలన్నీ అక్కడే పడ్డాయి.

విశాఖపట్నంలో మా గైడు గారు ఎంతో నెమ్మదైన మనిషి. ఆ కాగితం చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇది పరిశోధనలో చెల్లుతుందా అమ్మా, దీన్ని ఇంగ్లీషులో ఏమని రాస్తాం అన్నారు. ఇంగ్లీషులో వాళ్లకి లేదండి, అందుకే వాళ్ల పుస్తకాల్లోనూ లేదు అన్నాను కాస్త గట్టిగానే. ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, తనకున్న పాలసీలన్నీ తన తోడల్లుడి దగ్గర తీసుకున్నవేనని ఒప్పుకున్నారు. మొహమాటం ఉండిపోయింది.

ఇలా నవ్వుకుంటూ సాగిపోతున్న పనిలో, మాకవరపాలెం రోడ్డు మీద ఒక చిన్న ఊళ్లో, నాకు బాబాయి తగిలాడు. నాకు చుట్టమేమీ కాదు. అరవై దాటిన మనిషిని మా వైపు బాబాయి అనే పిలుస్తాం. మేం వెళ్లేసరికి పెరట్లో తాటాకులతో చిన్న పాక వేస్తున్నాడు. ఎవరికి బాబాయి ఇది అంటే, గేదెకి అన్నాడు. గేదె ఏది అంటే, రావాలి అన్నాడు.

బక్కపలచని మనిషి. మా జిల్లాలోనే మూతపడిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీలో, చెరకు కట్టల్ని మిల్లులోకి మోసుకెళ్లే కేరియర్ దగ్గర పనిచేశాడు. చక్కెర ఫ్యాక్టరీ ఏడాది పొడుగునా నడవదు. చెరకు కోతకొచ్చిన నెలల్లోనే సైరను కూస్తుంది. ఆ నెలల్ని ఇక్కడ సీజను అంటారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అతని భవిష్యనిధి డబ్బు, పింఛను ఖాతా అలాగే ఉండిపోయాయి. ఇప్పుడా పింఛను ఖాతాలో ఉన్నదంతా ఒకేసారి తీసేసుకుని గేదెని కొందామనుకుంటున్నాడు. పక్క ఊళ్లో బేరం కూడా కుదిరింది. సోమవారం నర్సీపట్నంలో నెట్ సెంటరుకి వెళ్లి దరఖాస్తు పెట్టడమే తరువాయి.

నేను నా ప్రశ్నలు మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో ఎన్నేళ్లు చేశావు బాబాయి అంటే, "నాలుగేళ్లమ్మా" అన్నాడు. రాసుకున్నాను. పదేళ్లు నిండితేనే నెలనెలా పింఛను వస్తుంది. నిండకపోతే ఉన్నదంతా ఒకేసారి తీసుకోవడమే. అంచేత అతను చేస్తున్నది సరైనదే అనుకున్నాను.

పిన్ని, అంటే అతని భార్య, టీ తెచ్చి ఇచ్చి మాట్లాడకుండా గుమ్మం దగ్గర కూర్చుంది. బాబాయికి మాత్రం టీ గొంతులో పడగానే ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. కేరియర్ గొలుసు తెగి రోజంతా బళ్లు రోడ్డు మీద బారులు తీరిన సీజను గురించి చెప్పాడు. మధ్యలో వానపడి చెరకు బళ్లు బురదలో దిగబడిన సీజను గురించి చెప్పాడు. మేనేజరు గారి అమ్మాయి పెళ్లికి కూలీలందరికీ లడ్డూలు పంచిన సీజను, పెద్దకొడుకు పుట్టిన సీజను, ఆ పెద్దకొడుకే అన్నం కేరియర్ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చిన సీజను. నేను వింటూ వింటూ కలం ఆపేశాను. కామర్సు టీచర్ని కదా, కూడికలు తప్పితే నాకు వొళ్లు మండుతుంది. నాలుగేళ్లలో ఇన్ని సీజన్లు ఎక్కడివి?

అదే అడిగాను. అతను ఎంతో ఓపికగా, నాకే లెక్కలు రావన్నట్టు, విడమరిచి చెప్పాడు.

"సీజన్లు పన్నెండు దాటేయమ్మా. కానీ సీజనుకి మూడు నెల్లో నాలుగు నెల్లో పని. ఆ నెల్లన్నీ కూడితే నాలుగేళ్లు. నాను పన్జేసింది అంతేగదా. ఇంటికాడ కూకున్న నెల్లు ఎలా కలుపుతాం?"

అందులోంచి జ్వరమొచ్చి మానేసిన రోజుల్ని కూడా తీసేశాడట. మా బావ నా వైపు తిరిగి, ఇన్నేళ్ల సర్వీసులో తనకి ఇలాంటి మనిషి ఒక్కడూ తగల్లేదన్నాడు.

సీజను ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల సంగతి నేనెక్కడో చదివాను. ఏడాదిలో ఎన్ని తక్కువ నెలలు చేసినా దాన్ని నిండు ఏడాదిగానే పరిగణించాలని పింఛను నియమాల్లో ఒక మాట ఉంది. నిద్రొచ్చే పుస్తకంలో నిద్రొచ్చే పేజీలో చదివాను కాబట్టి ఒట్టేసి చెప్పే ధైర్యం లేదు. కానీ అదే నిజమైతే బాబాయివి నాలుగేళ్లు కావు, పన్నెండేళ్ల పైమాటే. నెలనెలా పింఛను వస్తుంది. అతని తర్వాత పిన్నికీ వస్తుంది. సోమవారం ఆ దరఖాస్తు పెట్టేసి డబ్బు తీసుకున్నాడా, ఇంక ఆ తలుపు ఇద్దరికీ మూసుకుపోయినట్టే.

నేను కనుక్కుని వచ్చేవరకు ఏమీ చెయ్యొద్దన్నాను. గేదెగలాయన ఆగడన్నాడు. ఆగమను అన్నాను, వెనక బెంచీ పిల్లలతో మాట్లాడే గొంతుతో. బాబాయి ఉలిక్కిపడి తలూపాడు.

మర్నాడు పుస్తకం తీసి ఆ పేజీ వెతికాను. అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. అయినా నమ్మకం చాలక గైడు గారికి ఫోను చేశాను. ఆయన కూడా చూసి నిజమే అన్నారు. అదీ చాలక విశాఖ వెళ్లి పింఛను ఆఫీసులో అడిగాను. కిటికీ వెనక ఉన్న అమ్మాయి తలెత్తకుండానే, సీజనల్ అయితే ఏడాది కిందే లెక్కండీ, ఆయన్ని రమ్మనండి అంది. తిరుగు బస్సులో నేను నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కసీటు ఆవిడ జరిగి కూర్చుంది.

ఆ సాయంత్రమే బావ బండి మీద బాబాయి ఇంటికి వెళ్లి, పెళ్లి కుదిరినట్టు కబురు చెప్పాను. అతను అంతా విన్నాడు. విన్నాక తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"అది తప్పుగదమ్మా" అన్నాడు. "పన్జెయ్యని నెల్లకి పింఛనీ తింటే అరగదు."

తప్పేమీ కాదని, రూలే అలా ఉందని చెప్పాను. రూలు రాసినవాడికి తను ఇంటి దగ్గర కూర్చున్న సంగతి తెలియదు కదా అన్నాడు. తెలిసే రాశారన్నాను. తెలిసి రాస్తే ఇంకా తప్పన్నాడు. నాకు మండిపోయింది. ఊళ్లో మిగతావాళ్లు లేని పొలానికి కూడా నష్టపరిహారం అడుగుతుంటే, ఈ మహానుభావుడు ఉన్న హక్కుని వద్దంటున్నాడు. మా బావ రంగంలోకి దిగి, తన విద్యంతా చూపించాడు. నెలనెలా చేతిలో డబ్బు ఆడితే ఎంత ధైర్యమో, రేపు పిన్నికి ఏదైనా అవసరమైతే ఎంత ఆసరానో, కళ్లకు కట్టినట్టు చెప్పాడు. బాబాయి కొంచెం మెత్తబడ్డట్టే కనపడ్డాడు. అంతలోనే మళ్లీ బిగుసుకుపోయాడు.

"ఏజెంటు బాబూ, నువ్వు మాటాడకు. నువ్వు సెప్తంటే నాకు అనుమానం ఎక్కువైపోతంది" అన్నాడు.

దారిలో నేను బావ మీద విరుచుకుపడ్డాను, అక్కడ పడాల్సినదంతా ఇక్కడ. నిజాయితీకి కూడా ఒక సీజను ఉండాలి, పొద్దస్తమానం అదే అయితే ఎలా అన్నాను. బావ తాపీగా బండి నడిపాడు. అతనికి తిట్లు తినడం వృత్తిలో భాగం. కానీ నాకు కోపం చల్లారాక నిజంగా భయం వేసింది. బాబాయి సంగతి సరే, ముద్ద దిగితే చాలు అనుకునే మనిషి. పిన్నికి ఏముంది? సెంటు పొలం లేదు, మెళ్లో పసుపుతాడు తప్ప బంగారం లేదు. కొడుకులిద్దరూ కూలి చేసుకుని వాళ్ల పిల్లల్ని సాకుతున్నారు. అతను సోమవారం ఒక్క సంతకం పెడితే, ఆవిడ ముసలితనానికి గేదె తప్ప దిక్కులేదు. ఆ గేదెకి కుడితి పెట్టాల్సింది కూడా ఆవిడే.

సోమవారం రెండు క్లాసులకి సెలవు పెట్టి, బావని లేపి బండెక్కాను. మేం వెళ్లేసరికి బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆధార్ కార్డు జేబులో పెట్టుకుని, చెప్పుల కోసం వెతుకుతున్నాడు. పిన్ని ఆ రోజు పనికి వెళ్లలేదు. గుమ్మంలో కూర్చుంది, కాళ్లు బారజాపుకుని, ఆ దారిన ఎవరూ బయటికి వెళ్లకుండా. చెప్పులు ఆవిడ వెనకాల ఉన్నాయి.

నన్ను చూసి, మొన్న చెప్పింది మళ్లీ ఒక్కసారి తనకి అర్థమయ్యేలా చెప్పమంది. చెప్పాను. అతను పనిచెయ్యని నెలలు కూడా కలిపితేనే నెలనెలా వస్తుందా అని అడిగింది. అవును పిన్నీ అన్నాను. అయితే సరే అని మొగుడి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు ఒక్కొక్క మాటా తీసి పెట్టింది.

సీజను లేని నెలల్లో, మీ తమ్ముడిలాగా హైదరాబాదు బిల్డింగు పనులకి నువ్వెందుకు వెళ్లలేదు అని అడిగింది.

"ఎలా ఎల్తాను?" అన్నాడు బాబాయి. "సైరను కూసిన రోజుకి గేటుకాడ ఉండాల. లేకపోతే నా సోటు ఇంకోడికి ఇచ్చెత్తారు."

"మరి ఆ నెల్లు ఇల్లెలా నడిసింది?"

బాబాయి ఆవిడ వెనకాల ఉన్న చెప్పుల వైపు చూశాడు.

"నాను నడిపేను" అంది పిన్ని. "ఊడ్పులకెల్లేను, కలుపుకెల్లేను, జీడిపిక్కల షెడ్డులో సేతులు కాల్సుకున్నాను. ఎందుకు? నువ్వు ఊరు దాటకుండా ఉండాలని. నీ సోటు పోకుండా కాపలా కాసింది నాను. నువ్వు పన్జేసిన నెల్ల పింఛనీ నీకొద్దంటే మానీ, నీ ఇట్టం. పన్జెయ్యని నెల్లది నాది. నాది వద్దనడానికి నువ్వెవరు?"

నేను బండి హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోపం ఎక్కువగా ఉన్నవాళ్లకి ఏడుపు కూడా తొందరగానే వస్తుంది. నాకు వచ్చింది. చున్నీతో తుడుచుకున్నాను, కంట్లో దుమ్ము పడిందని కూడా చెప్పలేదు.

బాబాయి వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. మనసులో లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుస్తోంది. పెదవులు కదులుతున్నాయి. కలుపు ఎన్నాళ్లు, ఊడ్పులు ఎన్నాళ్లు, షెడ్డు ఎన్నాళ్లు. కూడిక ఎక్కడికి వచ్చిందో నాకు తెలియదు గానీ, చివరికి తలెత్తి నన్ను ఒక్కటే అడిగాడు.

"ఆ కాయితం మీద నా సంతకం ఒక్కటేనా అమ్మా, దీని పేరు కూడా ఉంటాదా?"

ఉంటుంది బాబాయి, ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో కూడా అంటించాలి అన్నాను. ఫొటో అనగానే పిన్ని గుమ్మంలోంచి లేచింది. చీర మార్చుకుని వచ్చేసరికి బాబాయి తువ్వాలు తీసేసి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని ఉన్నాడు. ఫొటో స్టూడియో అబ్బాయి కొంచెం దగ్గరగా జరగండి అంటే ఇద్దరూ చెరోవైపు జరిగారు. నేను వెళ్లి మధ్యలోకి నెట్టాను.

గేదె బేరం వదులుకున్నామన్న సంగతి చెప్పడానికి మా బావ పక్క ఊరు వెళ్లాడు. ఆ గేదెగలాయన తిడతాడేమో అని నేను బెంగపడుతుంటే, సాయంత్రానికి ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆయనకొక పాలసీ అంటగట్టాడట. బేరం చెడిందని చెప్పడానికి అంతదూరం వచ్చిన మనిషిని వట్టిచేతుల్తో పంపిస్తే బాగోదని ఆయనే మొహమాటపడ్డాడట. ఆయన జవాబుని కూడా నా అయిదో వరసలో వేసుకున్నాను.

ఆ తర్వాత నాకు పని పెరిగింది. ఎన్నేళ్లు చేశారు అన్న ప్రశ్నని తీసేసి, ఎన్ని సీజన్లు చేశారు అని రాయమన్నారు గైడు గారు. అప్పటిదాకా నేను కలిసిన ఫ్యాక్టరీ వాళ్లందరి దగ్గరికీ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఎండలో ఆ తిరుగుడికి నేను అందరినీ తిట్టుకున్నాను, మొదట గైడు గారిని, తర్వాత చెరకుని. కానీ బాబాయిలాగే నెలలు కూడుకుని కూర్చున్నవాళ్లు ఇంకా బయటపడ్డారు. ఒక్కొక్కళ్ల ఇంట్లో విషయం చెబుతుంటే ఆడవాళ్ల మొహాలు చూడడం నాకు అలవాటైంది. మగవాళ్లకన్నా వాళ్లకే ముందు అర్థమయ్యేది.

బాబాయి పింఛను రావడానికి కొన్నాళ్లు పట్టింది. కాగితాలు ఇటు తిరిగి అటు తిరిగి వచ్చాయి. వచ్చాక చూస్తే పెద్ద మొత్తమేమీ కాదు. ఆ డబ్బుతో మేడలు కట్టరు. కానీ నెలనెలా ఆగకుండా వస్తుంది. మొన్నామధ్య అటు వెళ్లినప్పుడు ఎలా ఉన్నారో చూద్దామని దిగాం. అన్నాల వేళ. గేదె కోసం వేసిన తాటాకుల పాకలో ఇద్దరూ చల్లగా కూర్చుని ఉన్నారు. మమ్మల్నీ కూర్చోబెట్టారు.

ఎలా వాడుకుంటున్నారు బాబాయి అని అడిగాను. పరిశోధన అయిపోతున్నా నాకు ప్రశ్నలడిగే రోగం పోలేదు. అతను సిగ్గుపడ్డాడు. పిన్ని చెప్పింది. డబ్బు పడిన రోజునే బ్యాంకుకి వెళ్లి తెస్తాడట. అరుగు మీద కూర్చుని మూడు వాటాలు వేస్తాడట. సీజను నెలలది తనకి ఒక వాటా. మిగతా రెండూ, తను పనిచెయ్యని నెలలవి, ఆవిడ చేతిలో పెడతాడట. ఒక్క నెల కూడా ఇటూ అటూ కాలేదట. చుట్టలకి డబ్బులు చాలకపోతే మళ్లీ ఆవిడ దగ్గరే తీసుకుంటాడు, తనది కాదు కాబట్టి అడిగి తీసుకుంటాడు.

మా బావ పగలబడి నవ్వాడు. నేను మాత్రం టీచర్ని కదా, తెలియాల్సింది తెలియాలని, ఆవిడకి మిగతా నియమం కూడా వివరించాను. బాబాయి తర్వాత కూడా పింఛను ఆగదని, ఇప్పుడొచ్చేదాంట్లో సగం నెలనెలా ఆవిడ పేరు మీదే వస్తుందని, ఏ బెంగా పెట్టుకోవద్దని చెప్పాను.

పిన్ని అన్నం గరిట పట్టుకుని ఆగింది. మనసులో ఏదో పోల్చి చూసుకుంది.

"సగమేనా?" అంది. "ఈయన సేత్తో నాకు అంతకన్నా ఎక్కువే వత్తందిగదా. ఈ మనిసి బతికుంటేనే నాకు లాభం."

అని అతని కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.